ముందు రిజిస్టరు, తర్వాతనే ఎల్పీ

హన్మకొండ

బిడ్డా,

నీ ఉత్తరం చదివిన. దోస్తులందరు కలిసి పాత తెలుగు సినిమాల నేపథ్య సంగీతాన్ని ఎల్పీ గ్రామఫోన్ రికార్డుగా తెస్తమని, కొన్నే కాపీలు వేసి నంబర్లేసి అమ్ముతమని రాసినవ్. సంతోషమే. కవరు బొమ్మ గూడ గీయించినరట. బొమ్మ సంగతి తర్వాత, ఆ సంగీతం ఇప్పుడు అసలు ఎక్కడున్నదో చూసినరా?

ఆ కాలంల పని ఎట్ల జరిగేదో తెలిస్తే నేనెందుకు అడుగుతున్ననో నీకే అర్థమైతది. పాట ముందు పుట్టేది. హార్మోనియం, తబలా పెట్టుకొని బాణీ తేల్చినంక, మద్రాసు రికార్డింగ్ థియేటర్ల గాయకులు, ఆర్కెస్ట్రా అందరు ఒకేసారి పాడి వాయించాల్సిందే. ట్రాకులు విడివిడిగా తీసే సౌకర్యం రాకముందు ఆఖరి చరణంల ఒక్క ఫ్లూటు తప్పినా మళ్ల మొదటికే. నేపథ్య సంగీతం కథ వేరు. షూటింగు, ఎడిటింగు, డబ్బింగు అన్నీ అయినంక వచ్చే పని అది. దాన్నే రీరికార్డింగ్ అంటరు. రీలు అంటే వెయ్యి అడుగులు, దగ్గరదగ్గర 11 నిమిషాలు. రీలు తెర మీద వేసి చూసుడు, యాడ మొదలు యాడ ఆపుడు అని సెకండ్ల లెక్కన రాసుకొనుడు, అసిస్టెంట్లు నొటేషన్ రాసి పంచుడు, రీలు మళ్ల నడుస్తుంటే తెర చూసుకుంట వాయించుడు. ఇళయరాజా రీలు చూసి నేరుగ స్కోరు రాసేస్తడని పేరు. విడుదల తేదీ నెత్తి మీద కూసుంటది కాబట్టి మిగతావాళ్లకు గూడ తీరిక దొరికేది కాదు.

ఆఖర్ల మాటలు, సంగీతం, చప్పుళ్లు మూడూ కలిపి ఒక్క ట్రాకు చేసేటోళ్లు. సంగీతం రికార్డు చేసే మాగ్నెటిక్ ఫిల్మ్ ఖరీదైన సరుకు. మిక్సింగ్ అయిపోతే తుడిచి ఇంకో సినిమాకు వాడుకునే అలవాటుండేది. అందుకే ఇయ్యాల మీ చేతికి వచ్చేది ప్రింటే, అందుల వీణ మీద నాయిక ఏడుపు ఉంటది. కంప్యూటరు మాటల్ని విడదీస్తదంటరు. విన్న నేను. మాటలతోని పాటు వయొలిన్ల చివర్లు గూడ కోసుకపోతది. దాన్ని ఎల్పీ మీద వేసి డబ్బులు తీసుకునుడు నాకు నచ్చదు.

వెతకాల్సిన చోటు ఇంకోటుంది. వేరే భాషల డబ్ చేసిన సినిమాలకు మాటలు లేకుంట సంగీతం, చప్పుళ్లు మాత్రమే ఉన్న ట్రాకు తయారు చేసేటోళ్లు. నిర్మాత ఇంట్లనో ల్యాబు గోడౌన్లనో అది మిగిలుంటే మీ అదృష్టం. డబ్బా మూత తీయంగనే వెనిగర్ వాసన కొట్టిందంటే ఫిల్మ్ చెడిపోవుడు మొదలైందన్నట్టు. మిషన్ మీద నడపకుండ్రి, తెలిసినోళ్లకు చూపియ్యుండ్రి.

అమెరికాల సినిమా నేపథ్య సంగీతాన్ని డిస్కులుగ తెచ్చే ఇంట్రాడా, ఇదివరకు తెచ్చిన ఫిల్మ్ స్కోర్ మంత్లీ వంటి వాళ్ల డిస్కులు చూడు. సంగీతం ఒకెత్తు, లోపలి పుస్తకం ఒకెత్తు. అక్కడ ప్రతి ముక్కకు నంబరుంటది. 3ఎం2 అంటే మూడో రీలుల రెండో ముక్క. మీరు ఏ సినిమా అనుకుంటున్నరో దాన్ని మొత్తం చూసి అట్ల నంబర్లేయుండ్రి. రీళ్లు తెలియకుంటే నిమిషం, సెకండు రాయుండ్రి. ఒక జాగ్రత్త: టీవీ కోసం 24 ఫ్రేముల ఫిల్మును 25 మీద నడిపిన కాపీలుంటయి. సినిమా నూటికి 4 వంతులు జోరుగ ఉరుకుతది, శృతి హార్మోనియం మీద పక్క మెట్టు దిక్కు దగ్గరదగ్గర ముప్పావు వంతు పైకి పోతది. మంచి ప్రింటుతోనో రికార్డుతోనో పోల్చి, హార్మోనియం పెట్టి చూసుకో.

ఇగ మన అటక మీది పెట్టెలు. అవి తాత మైకుసెట్టు రికార్డులు. పెండ్లిళ్లల్ల, బతుకమ్మ కాడ సూది పట్టుకునే బరువైన పికప్ కింద నలిగినయి, కొన్ని బాగనే అరిగినయి. అయినా నీ పని మొదలుపెట్టాల్సింది అక్కడనే. ఒక పెద్ద రిజిస్టరు కొను. లేబుల్ మీది నంబరు రాయి, హెచ్ఎంవీ కంపెనీ 78లకు (నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క రికార్డులకు) ఎన్ అని, కొలంబియా కంపెనీవాటికి జీఈ అని మొదలైతది. దానికన్న ముఖ్యం లేబుల్ పక్కన లక్కల అచ్చుగొట్టిన మ్యాట్రిక్స్ నంబరు, అంటే ఆ పక్క రికార్డింగుకు ఇచ్చిన నంబరు. తాత లేబుళ్ల మీద పెయింటుతోని పేరు, ఊరు రాసుకున్నడు, కొన్నిట్ల సినిమా పేరే కనబడది. అప్పుడు నిన్ను గట్టెక్కించేది ఆ నంబరే. రెండు పక్కలకు రెండు నంబర్లుంటయి, రెండూ రాయి.

పాట పేరు కాడ పల్లవి మొదటి మాటలు రాయి, ముందు తాళం లేకుంట పాడే సాకీ ఉంటే దాన్నీ రాయి. పద్యాలను విడిగ పెట్టు. పేర్లు లేబుల్ మీద ఎట్లుంటే అట్లనే దించు, సరైందని నీకు తోచింది పక్క గడిల రాయి. ఒక పక్క మూడు నిమిషాల పైచిలుకే పడ్తది కాబట్టి, సినిమాల ఉన్న చరణం రికార్డు మీద లేకపోవచ్చు. అది గూడ గమనించి రాయి. థియేటర్ల కాడ అమ్మిన పాటల పుస్తకాలు దొరికితే వదలకు, లేబుల్ చెప్పని పేర్లు అందుల ఉంటయి. వాయించినోళ్ల పేర్లు మాత్రం అందుల గూడ ఉండయి. మద్రాసుల బతికున్న పెద్ద వాయిద్యకారులను అడిగి రాసుకోవాల్సిందే, ఆ పని ఆలస్యం చేయకు.

కడిగేటప్పుడు 78ల మీద స్పిరిట్ పోయకు, లక్క కరిగిపోతది. డిస్టిల్డ్ వాటర్ల చుక్క సబ్బునీళ్లు చాలు, లేబుల్ తడవనియ్యకు. ఎల్పీ సూదితోని 78 పెట్టకు, దాని గాడి వెడల్పు, సూది వేరే దొరుకుతది. కంప్యూటర్లకు ఎక్కించేటప్పుడు నాణ్యత 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ మీద పెట్టి తీసి, ఆ ఫైలును ముట్టకుండ దాచు. చప్పుడు తగ్గించే పని కాపీ మీదనే చేయి. కొంచెం చరచర ఉంటే ఏం కాదు. రేకుల గదిల ఎండకాలం పెట్టెలుంచకు, పండవెట్టి పేర్చకు, నిలవెట్టు.

హక్కుల మాట లాయర్ను అడుగు. నాకు తెలిసినంత వరకు, సౌండ్ రికార్డింగుకు విడుదలైన తర్వాతి ఏడాది నుంచి 60 ఏండ్లు కాపీరైటు. కాని అందులున్న సాహిత్యానికి, బాణీకి రాసినాయన పోయినంక 60 ఏండ్లు. రికార్డు పాతదైతే అయిపోయిందనుకోవద్దు. పాటల హక్కు మామూలుగ రికార్డు కంపెనీ కాడ, నేపథ్య సంగీతం నిర్మాత కాడ ఉంటది, ఇద్దరి సంతకాలు కావాలె.

మొదటి పెట్టె రిజిస్టరుల ఎక్కించి పేజీల ఫొటోలు పంపు. అరిగిపోయి నంబర్లు చదవరానియి ఉంటే పక్కన పెట్టు, దసరాకు వచ్చినప్పుడు భూతద్దం పెట్టి నేను చూస్త.

మీ పెద్దబాపు