మందు పెట్టె మీద సన్న అక్షరాలు వద్దు

చిరంజీవి అమ్మడుకి,

బాబాయి ఆశీర్వదించి రాయునది.

ఉద్యోగం మానేసి సొంతంగా డిజైన్ పని మొదలుపెడుతున్నావనీ, మొదటి పనే పిల్లల మందుల అట్టపెట్టెలనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత పొంగిపోయానో! నువ్వు పంపిన నమూనా చూశాక మాత్రం మనసు కుదురుగా లేదు. గాజుపలక లాంటి మసక, ఊదా నుంచి గులాబీకి జారే రంగు, వాటి మీద వెంట్రుక మందాన బూడిదరంగు అక్షరాలు. చూడముచ్చటగా ఉంది, కాదనను. అది తెర మీద బొమ్మగా ముచ్చటగా ఉంది.

అడ్వాన్సు తీసుకో. మార్పులు ఎన్నిసార్లో ముందే రాయించుకో. ఫైళ్లు రెండుచోట్ల దాచు. ఇవన్నీ నీకు తెలిసినవే.

ఏ ఫ్యాషనైనా ఎక్కడో ఒక అవసరంలోంచి పుడుతుంది. టచ్ ఫోన్లు కొత్తగా వచ్చినప్పుడు ఏది నొక్కాలో జనానికి తెలియాలి, అందుకే మీటలకు ఉబ్బూ నీడా పెట్టారు, నోట్సు రాసుకునే యాప్‌కు పసుపు కాగితం బొమ్మ వేశారు. చేతులు అలవాటుపడ్డాక ఆ అలంకారం బరువైంది. 2010లో మైక్రోసాఫ్ట్ వారి విండోస్ ఫోన్ 7, 2013లో ఐఫోన్ల ఐఓఎస్ 7 ఆ ఉబ్బూ నీడా తీసేసి అంతా చదును చేశాయి. 2014లో గూగుల్ మెటీరియల్ డిజైన్ అనే కొత్త తీరుతో నీడను మళ్లీ తెచ్చింది, ఏది పైన ఉందో ఏది కింద ఉందో చెప్పడానికి. 2018లో తన పేరు అక్షరాల కొనలు తీసేసి మొద్దు అక్షరాలకు మారిన బట్టల కంపెనీ బర్బెరీ 2023లో కొనల అక్షరాలకే తిరిగొచ్చింది. 2025లో యాపిల్ తెర మీద గాజుపలకల్లా కనిపించే లిక్విడ్ గ్లాస్ తెచ్చింది. ఆ గాజు అందమంతా వెనకాల బొమ్మ కదులుతుంటే పైపొర మెరవడంలో ఉంది. అట్టపెట్టె మీద ఏం కదులుతుందమ్మా? అక్కడ అది మసక మరకే.

ఇక అసలు భయం. మా డిజైన్ రంగంలో అందరం కలిసి చేసిన తప్పు ఒకటుంది, అదే నీ నమూనాలో కనిపించింది. 2010లో ఐఫోన్ 4 తెర అంగుళానికి 326 పిక్సెళ్లతో వచ్చింది. అంత నున్నటి తెర మీద సన్న అక్షరం కూడా తేటగా నిలబడింది. దాంతో సన్నదనమే నాగరికత అనుకున్నాం. ఆ తెర లేని చోటికి కూడా, అంటే కాగితానికీ అట్టకీ మామూలు మానిటర్‌కీ, అదే అక్షరం మోసుకుపోయాం. పైగా బూడిదరంగు. తెల్లటి నేల మీద #999999 అనే రంగు సంఖ్య ఉన్న బూడిద కాంట్రాస్ట్, అంటే నేలకూ అక్షరానికీ వెలుతురు తేడా, 2.85కి 1 మాత్రమే. చిన్న అక్షరాలకు కనీసం 4.5కి 1 ఉండాలన్నది వెబ్ ప్రమాణం. #767676 అనే ముదురు బూడిద దాకా ముదిరితే గానీ అది అందదు.

అచ్చులో ఇంకా ఘోరం. 40 శాతం నలుపు అని నువ్వు ఇస్తే ప్రెస్సులో బూడిద సిరా ఉండదు, నల్ల చుక్కలే ఉంటాయి. అంగుళానికి 150 గీతల స్క్రీన్, అంటే 150 చుక్కల వరుసల జల్లెడ, అయితే చుక్కకూ చుక్కకూ మధ్య దూరం 0.17 మిల్లీమీటర్లు. పావు పాయింటు గీత మందం 0.09. గీత కన్నా జల్లెడ కన్నమే పెద్దది, ఇక అక్షరం అంచు ఎక్కడ నిలుస్తుంది? తెగి, చుక్కలుగా రాలిపోతుంది. 5 పాయింట్ల సన్న అక్షరంలో దశాంశ బిందువు ఒక చుక్కపాటి కూడా ఉండదు. "2.5 మి.లీ." అని నువ్వు పెట్టింది "25 మి.లీ." అని అచ్చు కావచ్చు. రాత్రి రెండింటికి, జ్వరంతో ఏడుస్తున్న బిడ్డను భుజాన వేసుకుని, చిన్న బల్బు వెలుతురులో ఆ వరుస చదివే తల్లిని ఒక్కసారి తలచుకో.

మన లిపికి ఈ గండం ఇంకా ఎక్కువ. ముదురు నేలలో తెల్ల అక్షరం వదిలితే చుట్టూ ఉన్న సిరా లోపలికి పాకుతుంది. ధ కింది చిన్న గీత మూసుకుపోతే ద మిగులుతుంది, ఫ కాస్తా ప అవుతుంది. నాలుగు రంగుల సిరాలు ఒకదానిమీద ఒకటి పడే నేల అయితే ఒక రంగు అచ్చు ప్లేటు 0.1 మిల్లీమీటరు జరిగినా ఒత్తు మాయం.

కాబట్టి మోతాదు, గడువు తేదీ, హెచ్చరిక: ఈ మూడూ తెల్లటి నేల మీద ఒక్క నలుపు ప్లేటుతో 100 శాతం, మామూలు మందం అక్షరంలో పెట్టు. నాలుగు రంగులు కలిపిన నలుపు చిన్న అక్షరాలకు వాడకు. తెలుగుకు వరుసల ఎడం అక్షరం సైజుకు 140 నుంచి 160 శాతం ఇవ్వు. ఇంగ్లీషుకు ఇచ్చే 120 ఇస్తే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులను పొడుస్తాయి. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే అమరిక పెట్టకపోతే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. అక్షరాలను అవుట్‌లైన్ చేశాక, అంటే బొమ్మ గీతలుగా మార్చాక, తప్పు కనబడినా టైపు చేసి దిద్దలేవు, అందుకని అంతకు ముందే ప్రతి మాటా చదువు.

ఊదా-గులాబీ రంగును పూర్తిగా వదులుకోమనడం లేదు, కంపెనీ పేరు వెనకాల ఉండనీ. అయితే తెర మీది ఆ మెరుపు నాలుగు సిరాలకు అందదు. ప్రెస్సువాళ్ల సిరాలు ఎలా పడతాయో చెప్పే కలర్ ప్రొఫైల్ ఫైలు అడిగి తెచ్చుకుని, అచ్చు ఎలా వస్తుందో తెర మీదే చూపించే సాఫ్ట్ ప్రూఫ్‌లో చూడు. జారే రంగులో పట్టీలు పడకుండా ఒక శాతం నాయిస్, అంటే సన్న గరుకు చుక్కలు, కలుపు. కోత గీత దాటి రంగు 3 మిల్లీమీటర్లు బయటికి పోయేలా బ్లీడ్ వదులు, పెట్టె మడతల మీద అక్షరం రానివ్వకు.

పాత పెట్టెను తల్లులు దేన్ని చూసి గుర్తుపడుతున్నారో కూడా కనుక్కో. 2009 జనవరిలో పండ్లరసం కంపెనీ ట్రోపికానా తన డబ్బా మీద నారింజలో గుచ్చిన స్ట్రా బొమ్మ తీసేసి గ్లాసుతో రసం బొమ్మ పెట్టింది. ఫిబ్రవరిలోనే పాత డబ్బా తిరిగి తెస్తామని చెప్పాల్సి వచ్చింది. రసం అదే, అరలో కన్ను వెతుక్కునే గుర్తు పోయింది. నీ మందుకు ఆ గుర్తు పక్కనున్న ఎర్ర పట్టీయో, మూత రంగో కావచ్చు. అది కదిలించకు.

కోప్పడ్డానని చిన్నబుచ్చుకోకమ్మా. నీ చేతిలో పనితనం ఉంది, రంగులు కలపడంలో నీ కన్ను నాకన్నా మేలు. ప్లేట్లు వేయించకముందు అసలు సైజులో, అసలు అట్ట మీద ఒక ప్రూఫ్, అంటే నమూనా అచ్చు, తీయించి కొరియర్‌లో పంపు. మోతాదు వరుస కళ్లజోడు తీసేసి, బెడ్‌ల్యాంపు వెలుతురులో చదివి, మర్నాడు పొద్దున్నే ఫోన్ చేస్తాను.

మీ బాబాయి