డాబాకు కూల్ రూఫ్ పెయింట్ చాలా, ఇన్సులేషన్ కూడా వేయాలా?

ప్రశ్న: హైదరాబాద్‌లో 700 గజాల స్థలంలో జీ ప్లస్ 2 ఇల్లు కట్టుకుంటున్నాం. పై స్లాబ్ పూర్తయింది. డాబాకు ఇన్సులేషన్ వేయాల్సిందేనని ఆర్కిటెక్ట్ అంటున్నారు. కూల్ రూఫ్ పెయింట్ కొడితే చాలంటున్నాడు కాంట్రాక్టర్. ఎవరి మాట వినాలి? రేపు ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, ఇంట్లో చేరడానికి మున్సిపాలిటీ ఇచ్చే అనుమతి) ఆగితే బాధ్యత ఎవరిది?

జవాబు: వాళ్లిద్దరూ చెబుతున్నవి రెండు వేర్వేరు నిబంధనలు.

తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ 2023-28 ప్రకారం 600 గజాలు, ఆపై స్థలంలో కట్టే ఇంటికి కూల్ రూఫ్ తప్పనిసరి. ఓసీని కూడా దానికే ముడిపెట్టారు. ఎండను తిప్పికొట్టే పూత వేసినా, తెల్ల కూలింగ్ టైల్స్ పరిచినా ఆ షరతు తీరుతుంది. అంతవరకు కాంట్రాక్టర్ మాట సరైనదే.

ఆర్కిటెక్ట్ చెబుతున్నది కేంద్రం తెచ్చిన ఎకో నివాస్ సంహిత 2018 గురించి. 500 చదరపు మీటర్లు, ఆపై స్థలాల్లోని ఇళ్ల కోసం రాసిన కోడ్ అది. మీ స్థలం 585 చదరపు మీటర్లు. అయితే ఇంధన పొదుపు చట్టం సెక్షన్ 15 కింద ఇలాంటి కోడ్‌ను రాష్ట్రం తన పరిస్థితులకు తగ్గట్టు మార్చి నోటిఫై చేయాలి, నిర్మాణ నిబంధనల్లో చేర్చాలి. 2022 సవరణతో ఇళ్లు కూడా చట్టం పరిధిలోకి వచ్చాయి గానీ, అక్కడ పెట్టిన హద్దు 100 కిలోవాట్ల కనెక్టెడ్ లోడ్ (కరెంటు పరికరాలన్నిటి మొత్తం సామర్థ్యం). సొంత ఇంటికి సాధారణంగా అంత లోడ్ ఉండదు. కాబట్టి మీ పర్మిట్ లెటర్ తీసి, చివర ఉన్న షరతులు వరసగా చదవండి. ఈ కోడ్ పేరు గానీ, ఇన్సులేషన్ మాట గానీ అందులో ఉంటే అది మీరు పాటించి తీరాల్సిందే. అక్కడా, రాష్ట్ర నిర్మాణ నిబంధనల్లోనూ లేకపోతే ఇన్సులేషన్ వేయలేదన్న కారణంతో ఓసీ ఆపడానికి ఆధారం ఉండదు.

షరతు ఉంటే మాత్రం పెయింట్‌తో గట్టెక్కలేరు. కోడ్ ప్రకారం పైకప్పు యూ-వాల్యూ, అంటే కప్పు గుండా వేడి ఎంత సులువుగా దిగుతుందో చెప్పే అంకె, 1.2 దాటకూడదు. కింద ప్లాస్టరింగ్ చేసిన 150 ఎంఎం స్లాబ్‌కు అది దాదాపు 3 ఉంటుంది. పెయింట్ ఎండను వెనక్కి పంపుతుందే తప్ప ఈ అంకెను తగ్గించదు. స్లాబ్ మీద 25 ఎంఎం ఎక్స్‌పీఎస్ (ఎక్స్‌ట్రూడెడ్ పాలీస్టైరీన్ అనే గట్టి నురుగు) బోర్డు పరిస్తే సుమారు 0.96కు, 50 ఎంఎం అయితే 0.57 దాకా దిగుతుంది. షరతు లేకపోయినా వేయించుకోమనే నా సలహా. పై అంతస్తులో ఉండేవాళ్లకు ఏటా వేసవిలో ఆ తేడా తెలుస్తుంది.

ఓసీకి దరఖాస్తుదారు మీరే కాబట్టి మున్సిపాలిటీ ముందు బాధ్యత మీదే. దాన్ని కాంట్రాక్టర్ మీదకు మళ్లించాలంటే అగ్రిమెంట్‌లో పని స్పష్టంగా రాసి ఉండాలి. ‘హీట్ ప్రూఫింగ్ చేయాలి’ అని ఒక్క ముక్క రాస్తే కోర్టులో నిలవడం కష్టం. బోర్డు రకం, మందం, సాంద్రత, తయారీదారు టెస్ట్ సర్టిఫికెట్ ఇవ్వాలన్న షరతు, పొరల వరస అన్నీ రాయించండి: ముందు వాటర్ ప్రూఫింగ్, 48 గంటలు నీళ్లు నిలబెట్టి పరీక్ష, తర్వాత సందులు ఒకే గీతలో రాకుండా బోర్డులు, పైన సెపరేషన్ షీట్, చికెన్ మెష్‌తో స్క్రీడ్ (సిమెంటు పొర), ఆపైన తెల్ల టైల్స్. నీళ్ల పరీక్ష ఎగ్గొడితే లీకేజీ బోర్డుల కింద చేరి, ఎక్కడ కారుతోందో పట్టుకోలేరు. ఎక్స్‌పీఎస్ బదులు మెత్తటి థర్మాకోల్ వేస్తే అది అణిగి స్క్రీడ్ పగులుతుంది.

స్క్రీడ్ పడ్డాక కింద ఏముందో ఎవరూ చూడలేరు. అందుకే బోర్డు పక్కన కొలత టేపు పెట్టి, తేదీ కనిపించేలా ఫోటోలు తీయించండి. పిట్టగోడ అంచుల దగ్గర ఖాళీలు వదిలారేమో చూడండి. జీఎస్టీ బిల్లులు మీ దగ్గర పెట్టుకోండి. నీళ్ల పరీక్ష పూర్తయ్యేవరకు ఆ దశ డబ్బు ఇవ్వకండి. మొత్తం బిల్లులో 10 శాతం ఒక వానాకాలం గడిచేదాకా ఆపుకునే షరతు కూడా రాయించండి.

సొంత స్థలంలో కాంట్రాక్టర్‌తో కట్టించుకుంటున్నారు కాబట్టి మీకు రెరా (బిల్డర్లు అమ్మే ప్రాజెక్టులకు సంబంధించిన చట్టం) వర్తించదు. పని చెడిపోతే కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 73 కింద సివిల్ కోర్టులో నష్టపరిహారం అడగవచ్చు. లేదా సేవాలోపమని వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, అక్కడ గడువు రెండేళ్లు. ఏ దారిలో వెళ్లినా ముందుగా లోపాలన్నీ రాసి, సరిచేయడానికి 15 రోజులు గడువిస్తూ రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి.