బట్టీ యజమానికి అడ్వాన్సు కట్టి కూలీలను విడిపించవచ్చా?

ప్రశ్న: మాది పెద్దపల్లి జిల్లా. మా చర్చి స్త్రీల సమాజం తరఫున దగ్గరలోని ఇటుక బట్టీకి బియ్యం, దుప్పట్లు తీసుకెళ్తుంటాం. ఒడిశాలోని బలంగీర్ నుంచి వచ్చిన రెండు కుటుంబాలు తమను ఊరికి వెళ్లనివ్వడం లేదని ఏడ్చాయి. సర్దార్ (కూలీలను పనికి కుదిర్చే దళారి) చేతికిచ్చిన అడ్వాన్సు తీరేదాకా కదలొద్దని యజమాని అంటున్నాడట. కానుకల్లోంచి 80,000 రూపాయలు పోగుచేశాం. అది కట్టి విడిపించవచ్చా? మతం మారుస్తున్నామని కేసు పెడతారేమోనని టెన్షన్‌గా కూడా ఉంది.

జవాబు: అమ్మా, ఆ డబ్బు యజమానికి ఇవ్వకండి. మీ మనసు మంచిదే, కానీ లేని బాకీని మీరు తీర్చబోతున్నారు. అడ్వాన్సు పేరుతో మనిషిని కదలనివ్వకుండా పని చేయించుకుంటే అది వెట్టిచాకిరే. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం ప్రకారం ఆ అప్పు రద్దయినట్టే. రద్దయిన అప్పు కింద పైసా తీసుకున్నా యజమానికి మూడేళ్ల వరకు జైలు, జరిమానా ఉన్నాయి. పైగా మీరు కట్టిన డబ్బే రేపు ఇంకో కుటుంబానికి అడ్వాన్సు అవుతుంది. నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే.

చేయాల్సింది ఫిర్యాదు. కలెక్టర్‌కు గానీ, ఆర్డీఓకు గానీ రాతపూర్వకంగా ఇవ్వండి. ఎన్ని కుటుంబాలు, ఎంతమంది పిల్లలు, ఎప్పుడు వచ్చారు, వారానికి ఖర్చులకు ఎంత ఇస్తున్నారు, ఎవరు ఆపుతున్నారు అన్నవి రాసి, రసీదు తీసుకోండి. అది వెట్టి అప్పు కాదని రుజువు చేసుకోవాల్సింది యజమానే, కూలీలు కాదు. కనీస వేతనం కంటే తక్కువ ఇచ్చి చేయించుకున్నా అది బలవంతపు చాకిరే అని సుప్రీంకోర్టు 1982లోనే చెప్పింది. వాళ్లు ఎస్సీ, ఎస్టీలైతే అట్రాసిటీ చట్టం కూడా వర్తించవచ్చు. మీరే వెళ్లి రాత్రికి రాత్రి వాళ్లను తీసుకురావద్దు. దెబ్బలు తినేది వాళ్లే.

విచారణ రోజు అధికారి కూలీలతో యజమాని లేకుండా మాట్లాడాలని అడగండి. ఒడియా తెలిసిన మనిషిని తోడు తీసుకెళ్లండి. వెట్టి నుంచి విడిపించినట్టు అధికారి ఇచ్చే విడుదల పత్రం చేతికి రాకుండా ఎవరినీ రైలెక్కించకండి. కేంద్ర పునరావాస పథకం కింద తక్షణ సాయం 30,000 రూపాయల వరకు వస్తుంది. తర్వాత పురుషులకు లక్ష, మహిళలకు, పిల్లలకు 2 లక్షల వరకు ఉంది. ఆ పత్రం లేకపోతే ఇవేవీ అందవు.

మీరు పోగుచేసిన 80,000 ఇక్కడే పనికొస్తుంది: సాయం చేతికి అందే వరకు తిండి, మందులు, పిల్లల చదువు. మళ్లీ అడ్వాన్సు కోసం సర్దార్ దగ్గరికి వెళ్లే అవసరం అప్పుడు తగ్గుతుంది.

ఇక మతం సంగతి. ఆకలిగొన్నవారికి అన్నం పెట్టడం, ఫిర్యాదు చేయడం నేరాలు కావు. అయితే బియ్యం పంపిణీని ప్రార్థనతో కలపకండి. ఏ షరతూ పెట్టకండి. ఖర్చు లెక్కలు రాసి ఉంచండి. సాయం కోసం బలంగీర్ దాకా వెళ్తే మరింత జాగ్రత్త అవసరం. బలవంతంగా, ఆశ చూపి, మోసంతో మతం మార్చడాన్ని ఒడిశా 1967లోనే నిషేధించింది.

సోమవారం ఆర్డీఓ కార్యాలయం తెరిచేసరికి ఫిర్యాదుతో అక్కడ ఉండండి.