సెల్ఫ్ మోటార్ విప్పే ముందు మీటరు పెట్టి చూడండి

పాత ట్రాక్టర్లలో బ్యాటరీని చార్జ్ చేసే డైనమో తీసేసి దాని చోట ఆల్టర్నేటర్ వేయించుకున్న తర్వాత వచ్చే స్టార్టింగ్ తిప్పలపై పాఠకులు పంపిన ప్రశ్నల్లో నాలుగింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మాది 35 హెచ్‌పీ ట్రాక్టర్, 1980ల నాటిది. కిందటేడు డైనమో తీసి ఆల్టర్నేటర్ వేయించాం. పెద్ద బ్యాటరీ కొని, బాక్సు చేయించి మడ్‌గార్డు పక్కకు మార్చాం. అప్పటి నుంచి తాళం తిప్పితే ‘టక్’మని శబ్దం వచ్చి ఆగిపోతోంది, లేదంటే ఇంజిన్ బరువుగా ఒకటి రెండు చుట్లు తిరుగుతోంది. తోస్తే వెంటనే అందుకుంటుంది. సెల్ఫ్ మోటార్ మార్చాలని మెకానిక్ అంటున్నాడు. మార్చమంటారా?
– ఒక రైతు, మిర్యాలగూడ

జవాబు: ఇప్పుడే వద్దు. బ్యాటరీ చోటు మారాకే బాధ మొదలైంది కాబట్టి ముందు కేబుళ్లను అనుమానించాలి. ఈ సైజు డీజిల్ ఇంజిన్‌ను తిప్పేటప్పుడు సెల్ఫ్ మోటార్ సుమారు 300 ఆంపియర్లు లాగుతుంది. అంత కరెంటు దగ్గర సన్న వైరు ఎంత తినేస్తుందో లెక్క కట్టి చూడండి. 16 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ రెండున్నర మీటర్లుంటే దానిలోనే 0.9 వోల్టు పోతుంది. బ్యాటరీ మైనస్ నుంచి బండి బాడీకి వెళ్లే ఎర్త్ కేబులూ అంతే సన్నగా, అంతే పొడవుగా ఉంటే ఇంకో 0.9. అదే 50 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ అయితే ఒక్కోదానిలో పోయేది 0.3 వోల్టు లోపే. బ్యాటరీ ఇంజిన్‌కు దగ్గరగా ఉన్నన్నాళ్లూ సన్న కేబుల్‌తో నెట్టుకొచ్చి ఉంటారు. పొడవు పెరిగేసరికి గుట్టు బయటపడింది.

రెండు మూడు వందల రూపాయల మల్టీమీటర్ ఈ పనికి చాలు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజిన్ అందుకోకుండా స్టాప్ నాబ్ లాగి ఉంచండి. ఒకరు తాళం తిప్పుతుంటే మరొకరు మీటరు చూడాలి. ఒక్కోసారి ఐదు సెకన్లకు మించి తిప్పొద్దు, మధ్యలో ఒక నిమిషం ఆగండి.

ముందుగా బ్యాటరీ. మీటరు పిన్నులు క్లాంపు మీద కాకుండా సీసం పోస్టు మీదే ఆనించాలి. ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు రావాలి. 12.4 కంటే తక్కువ ఉంటే చార్జింగ్ పెట్టించాకే మిగతా పరీక్షలు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందికి పడితే బ్యాటరీ అయినా పోయి ఉండాలి, లేదా మోటారే ఎక్కువ కరెంటు లాగుతూ ఉండాలి.

తర్వాత ఎర్ర పిన్ను బ్యాటరీ ప్లస్ పోస్టు మీద, నల్ల పిన్ను సోలనాయిడ్‌కు (సెల్ఫ్ మోటార్‌కు కరెంటు కలిపే పెద్ద స్విచ్) బ్యాటరీ కేబుల్ వచ్చి బిగిసే బోల్టు మీద పెట్టి సెల్ఫ్ కొట్టండి. అర వోల్టు దాటితే ఆ కేబుల్‌లోనో దాని చివర బిగించే లోహపు లగ్గుల్లోనో తప్పుంది. అలాగే బ్యాటరీ మైనస్ పోస్టుకూ సెల్ఫ్ మోటార్ బాడీకీ మధ్య చూడండి. ఇక్కడ 0.3 దాటకూడదు. మీ బండిలో మాకు ఎక్కువ అనుమానం ఇక్కడే. బ్యాటరీ మడ్‌గార్డు దగ్గరికి మారినప్పుడు ఎర్త్ వైరును అక్కడే రేకుకు బిగించేస్తారు. రంగు పూసిన రేకు, తుప్పు పట్టిన బోల్టు అంత కరెంటును మోయలేవు. దారి దొరకని కరెంటు యాక్సిలరేటర్ రాడ్డు గుండానో స్టాప్ కేబుల్ గుండానో వెనక్కి వస్తుంది. సెల్ఫ్ కొట్టాక స్టాప్ కేబుల్ వేడెక్కిందంటే ఎర్త్ సరిగా లేదని వేరే రుజువు అక్కర్లేదు.

ఈ రెండూ బాగుండి ‘టక్’ మాత్రమే వస్తుంటే, సోలనాయిడ్ నుంచి మోటార్‌లోకి వెళ్లే బోల్టుకూ మోటార్ బాడీకీ మధ్య మీటరు పెట్టి తాళం తిప్పండి. ఏమీ రాకపోతే సోలనాయిడ్ లోపలి రాగి కాంటాక్టులు కాలిపోయాయి. 10 వోల్టులకు పైగా వస్తూ కూడా మోటార్ కదలకపోతే కార్బన్ బ్రష్‌లు అరిగాయి, లేదా మోటార్ లోపలే లోపం. మోటార్ విప్పాల్సింది అప్పుడు మాత్రమే.

కొత్త కేబుల్‌కు వెల్డింగ్ కేబుల్ చక్కగా పనికొస్తుంది. 50 చదరపు మిల్లీమీటర్లది తీసుకోండి. బజారులో అల్యూమినియం తీగలతో కూడా అమ్ముతున్నారు, జాగ్రత్త. తెల్లగా కనిపించే తీగ తగరం పూత ఉన్న రాగి కూడా కావచ్చు. బ్లేడుతో గీస్తే లోపల ఎర్రగా ఉండాలి. లగ్గులు క్రింపింగ్ మిషన్‌తో నొక్కించండి. సుత్తితో కొట్టి అతికించిన లగ్గు ఆరు నెలల్లో మళ్లీ మీ చేత ఇదే ప్రశ్న రాయిస్తుంది. ఎర్త్ కేబుల్‌ను సెల్ఫ్ మోటార్ బిగించే బోల్టు దగ్గరికే తీసుకెళ్లండి. అక్కడ రంగు గీకి, పళ్ల వాషరు వేసి, బిగించాక పైన వాసెలిన్ పూయండి. విప్పేటప్పుడు బ్యాటరీ ఎర్త్ ముందు, బిగించేటప్పుడు చివర.

ప్రశ్న: ఆల్టర్నేటర్ వేశాక ఆమ్మీటరు ముల్లు చివరికి కొట్టుకుంటోంది. దాని వెనక వైరు ఒకసారి కాలింది. రెండు రోజులు నిలబెడితే బ్యాటరీ దిగిపోయి సెల్ఫ్ తిరగడం లేదు. పాత కటౌట్ (డైనమో చార్జింగును అదుపు చేసే పెట్టె) ఇంకా అలాగే ఉంది.
– జి., తణుకు

జవాబు: కటౌట్ తీసేయండి. ఆల్టర్నేటర్‌కు ఆ పని చేసే రెగ్యులేటర్ దానిలోనే ఉంటుంది. లూకాస్ తరహా పెట్టె అయితే ఏ, ఏ1 అనే టెర్మినళ్ల మీది వైర్లు రెండూ కలిపేసి టేపు చుట్టాలి. ఎఫ్, డీ వైర్లను ఆల్టర్నేటర్ వైపునా పెట్టె వైపునా విప్పి చివరలు మూసేయాలి. కావాలంటే డీ వైరును చార్జింగ్ బల్బుకు వాడుకోవచ్చు.

పాత డైనమో ఇచ్చింది 11 నుంచి 22 ఆంపియర్లు. ఇప్పుడు వేసింది 35కు తక్కువ ఇవ్వదు. పాత వైరు, 30 ఆంపియర్ల మీటరు దానికి చాలవు. ఆల్టర్నేటర్ ప్లస్ బోల్టు నుంచి 6 చదరపు మిల్లీమీటర్ల వైరు నేరుగా సెల్ఫ్ సోలనాయిడ్ మీది బ్యాటరీ బోల్టుకు వేయండి, మధ్యలో 50 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి. ఆమ్మీటరు బదులు వోల్ట్ మీటరు మేలు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. 14.8 దాటితే బ్యాటరీ నీళ్లు ఉడికి ఆవిరవుతాయి.

బ్యాటరీ దిగడానికి తరచూ కారణం ఆల్టర్నేటర్ సన్న టెర్మినల్‌కు నేరుగా కరెంటు ఇచ్చేయడం. అది తాళం తర్వాత, 2 వాట్ల చిన్న బల్బు గుండా రావాలి. తాళం తీసి, బ్యాటరీ మైనస్ క్లాంపు విప్పి, పోస్టుకూ క్లాంపుకూ మధ్య మీటరును ఆంపియర్లలో పెట్టండి. ఆ సమయంలో సెల్ఫ్ కొట్టకూడదు, మీటరు కాలుతుంది. కరెంటు పోతున్నట్టు చూపిస్తే ఆల్టర్నేటర్ వైర్లు ఒక్కొక్కటే విప్పుతూ చూడండి. పెద్ద వైరు విప్పితే ఆగిపోతే ఆల్టర్నేటర్‌లోని డయోడ్లు (కరెంటును ఒకే వైపు పోనిచ్చే భాగాలు) పోయినట్టు.

ఇంకో మాట. పాత బండ్లలో కొన్నింటికి బ్యాటరీ ప్లస్ బాడీకి ఉండేది. సెల్ఫ్ మోటార్ ఎటు కలిపినా ఒకే వైపు తిరుగుతుంది కాబట్టి ఎవరూ గమనించరు. ఆల్టర్నేటర్ మాత్రం తలకిందులుగా కలిపిన క్షణమే డయోడ్లు పోగొట్టుకుంటుంది. మైనస్ బాడీకి ఉందో లేదో కళ్లతో చూసి నిర్ధారించుకోండి.

ప్రశ్న: తాళం తిప్పితే ఒక్కోసారి అసలు శబ్దమే రాదు. కింద నిలబడి సోలనాయిడ్ బోల్టులు స్క్రూడ్రైవర్‌తో కలిపితే స్టార్ట్ అవుతుంది. అలా చేయడం వల్ల మోటార్ పాడవుతుందా?
– ఒక రైతు, హుజూరాబాద్

జవాబు: మోటార్ సంగతి అటుంచండి, ప్రాణం పోతుంది. గేరులో ఉన్న ట్రాక్టర్ అలా స్టార్ట్ అయితే పక్కన నిలబడ్డవారి మీదికే వెనక చక్రం ఎక్కుతుంది. గేరు న్యూట్రల్‌లో ఉంటేనే సెల్ఫ్ తిరగనిచ్చే న్యూట్రల్ స్విచ్ ఉన్నా స్క్రూడ్రైవర్ దాన్ని దాటేస్తుంది. ఈ రోజు నుంచే మానేయండి.

తాళం నుంచి సోలనాయిడ్ సన్న టెర్మినల్ వరకూ వచ్చే వైరులోనే మీ లోపం. 12 వోల్టుల బల్బుకు రెండు వైర్లు కట్టి ఒకటి బాడీకి, మరొకటి ఆ టెర్మినల్‌కు పెట్టి తాళం తిప్పండి. బల్బు వెలగకపోతే వెనక్కి నడుస్తూ న్యూట్రల్ స్విచ్ రెండు వైపులా, తర్వాత తాళం వెనకా చూడండి. మసకగా వెలిగితే అరిగిన తాళమే. సోలనాయిడ్ లాగే క్షణంలో 30, 40 ఆంపియర్లు కావాలి, పాత తాళాలు అంత మోయలేవు. అందుకే 70 ఆంపియర్ల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) పెట్టండి. 30వ పిన్నుకు 4 చదరపు మిల్లీమీటర్ల వైరుతో బ్యాటరీ కరెంటు, 87 నుంచి సోలనాయిడ్ సన్న టెర్మినల్‌కు, 86కు న్యూట్రల్ స్విచ్ దాటి వచ్చిన తాళం వైరు, 85 బాడీకి. న్యూట్రల్ స్విచ్‌ను తప్పించి కలపొద్దు.

ప్రశ్న: ఇంజిన్ అందుకున్నాక కూడా సెల్ఫ్ తిరుగుతూనే ఉంటోంది.
– ఎస్., నంద్యాల

జవాబు: వెంటనే స్టాప్ నాబ్ లాగి ఇంజిన్ ఆపి, బ్యాటరీ మైనస్ విప్పండి. ఆలస్యమైతే మోటార్ లోపల తిరిగే ఆర్మేచర్ చుట్టు విచ్చుకుపోతుంది. బ్యాటరీ నీరసంగా ఉన్నప్పుడు సోలనాయిడ్ పట్టు చాలక కాంటాక్టులు కొట్టుకుని అతుక్కుపోతాయి. సోలనాయిడ్ మార్చండి. కానీ ముందు మొదటి జవాబులోని కొలతలు తీయండి, లేకుంటే కొత్తదీ అతుక్కుంటుంది. సోలనాయిడ్ బాగుంటే తాళం స్ప్రింగు వెనక్కి రావడం లేదేమో చూడండి. మైనస్ కేబుల్‌లో బ్యాటరీని విడదీసే ఐసోలేటర్ స్విచ్ పెట్టించుకుంటే ఇలాంటప్పుడు పానా కోసం వెతకనక్కర్లేదు. అయితే ఇంజిన్ నడుస్తుండగా దాన్ని ఆపకండి, ఆల్టర్నేటర్ డయోడ్లు పోతాయి.