రూట్ కెనాల్ చేసిన పన్ను మళ్ళీ నొప్పెందుకు?

ప్రశ్న: కొన్నేళ్ల క్రితం కింది దవడ పన్నుకు రూట్ కెనాల్ చేయించి, పోస్టు (వేరు లోపల బిగించే కడ్డీ), క్యాప్ పెట్టించుకున్నాను. ఇప్పుడు నమిలితే నొప్పి, చిగురుపై చీముపొక్కు. ఎక్స్‌రే బాగానే ఉందన్నారు. టెన్షన్‌గా ఉంది డాక్టర్ గారూ.

జవాబు: వేరు నిలువునా చీలిందేమో చూడాలండి. ఎక్స్‌రే కిరణం చీలిక వెంబడే పడితే తప్ప ఆ గీత కనిపించదు. సన్నటి ప్రోబ్‌తో (కొలత గీతలున్న పుల్ల) పన్నుకీ చిగురుకీ మధ్య చుట్టూ కొలిచినప్పుడు అంతటా 2-3 మిల్లీమీటర్లే దిగి, ఒక్కచోట మాత్రం ఇరుకుగా, బాగా లోతుకు దిగిపోతే అనుమానం బలపడుతుంది. పొక్కు చిగురు అంచుకి దగ్గరగా ఉండటమూ అలాంటి గుర్తే. సీబీసీటీ స్కాన్ (పన్నును త్రీడీలో చూపే ఎక్స్‌రే) సాయపడుతుంది గానీ, లోహపు పోస్టు ఉంటే నీడలు పడి తికమక పెడుతుంది. అప్పటికీ తేలకపోతే చిగురు తెరిచి చూడాలి. కెనాల్‌ని మరీ వెడల్పు చేయడం, పోస్టు, రాత్రిళ్లు పళ్లు కొరికే అలవాటు ఈ ముప్పును పెంచుతాయి. చీలిక ఖాయమైతే ఒంటి వేరు పన్ను తీయించక తప్పదు, రెండు వేర్లుంటే చీలినదాన్నే తీసి మిగతాది కొన్నిసార్లు కాపాడొచ్చు. దయచేసి యాంటీబయాటిక్స్ మింగుతూ నెలలు గడపకండి, ఈలోగా చుట్టూ ఎముక కరిగిపోతుంది.