31 స్లైడ్లు, 20 నిమిషాల పాఠం

ప్రశ్న: నేను ఉపాధ్యాయ శిక్షణ చివరి సంవత్సరంలో ఉన్నాను. సామాన్యశాస్త్రం నా బోధనాంశం. వచ్చే నెలలో ఒక పాఠశాలలో ఉద్యోగం కోసం 20 నిమిషాల డెమో క్లాసు చెప్పవలసి ఉంది. డిజిటల్ సాధనాలు తప్పనిసరిగా వాడాలన్నారు. చంద్రకళల పాఠానికి 31 స్లైడ్లు తయారుచేసి, పాఠ్యపథకంతోపాటు మీకు పంపుతున్నాను. నా స్నేహితురాలి స్లైడ్ల ముందు ఇవి వెలవెలబోతున్నాయని నా భయం. రుసుము కట్టి ప్రెజెంటేషన్ సాఫ్ట్‌వేర్‌లో సర్టిఫికెట్ కోర్సు చేయమంటారా? దాని పాఠ్యాంశాల పట్టిక కూడా జతచేశాను. ఈ నైపుణ్యం ఉంటే బోధన కాక మరే ఉద్యోగాలైనా దొరుకుతాయా?

జవాబు: మీ స్లైడ్లు వెలవెలబోవడం లేదు. నిజం చెప్పాలంటే అవి కాస్త ఎక్కువగానే మెరుస్తున్నాయి. 20 నిమిషాలను 31తో భాగిస్తే ఒక్కో స్లైడుకు 39 సెకన్లు కూడా రావు. ఆ వ్యవధిలో మీరు స్లైడు మార్చాలి, చదవాలి, వివరించాలి, పిల్లల ముఖాలు చూడాలి, ఎవరైనా చెయ్యెత్తితే ఆగాలి. ఇది జరిగే పని కాదు కనుక చివరి రెండూ వదిలేస్తారు. డెమో క్లాసులో వెనుక బెంచీలో కూర్చుని మార్కులు వేసేవారు గమనించేది సరిగ్గా ఆ రెండింటినే. అందువల్ల మీకు ఇప్పుడు కావలసింది సాఫ్ట్‌వేర్ పరిజ్ఞానం కాదు, పాఠ్యపథకాన్ని మళ్ళీ మొదటి నుంచి ఆలోచించడం.

మీ నాలుగో స్లైడునే తీసుకుందాం. పైన ‘చంద్రకళలు – నిర్వచనం’ అన్న శీర్షిక, కింద గిరగిరా తిరుగుతూ ఒకదాని తరువాత ఒకటి వచ్చి కూర్చునే ఏడు వాక్యాలు, ముదురు నీలం మీద ఊదా రంగు అక్షరాలు, కుడి మూలన తపాలా బిళ్ళంత చంద్రుడి బొమ్మ. ఆ ఏడు వాక్యాలనూ మీరు పైకి చదువుతారని మీ పాఠ్యపథకంలో రాసుకున్నారు. పిల్లవాడు ఒకే మాటను కంటితో తన వేగంలో చదువుతూ, చెవితో మీ వేగంలో వింటూ, రెండింటినీ సరిచూసుకోవడంలోనే అలసిపోతాడు, బొమ్మను చూడనే చూడడు. బహుళమాధ్యమాలతో నేర్చుకోవడంపై దశాబ్దాలుగా ప్రయోగాలు చేసిన విద్యా మనస్తత్వవేత్త రిచర్డ్ మేయర్ దీన్ని పునరుక్తి సూత్రం కింద వివరించారు. బొమ్మ చూపుతూ నోటితో చెప్పినప్పుడు కలిగే అవగాహన, అవే మాటలను తెరమీద కూడా పెట్టినప్పుడు సాధారణంగా తగ్గుతుందన్నది దాని సారం. దీనికి మినహాయింపులు ఉన్నాయి. కొత్త పారిభాషిక పదం వచ్చినప్పుడు, లేదా బోధనా భాష పిల్లల సొంత భాష కానప్పుడు, ఒకటి రెండు మాటలు తెరమీద కనిపించడం మేలే చేస్తుంది. ఏడు వాక్యాలు మాత్రం ఏ మినహాయింపు కిందకూ రావు.

ఇంతకన్నా పెద్ద లోపం మరొకటి ఉంది. చంద్రకళల విషయంలో పిల్లల్లోనే కాదు, చదువుకున్న పెద్దల్లో కూడా పాతుకుపోయిన ఒక అపోహ ఉంది: భూమి నీడ పడటం వల్లనే చంద్రుడు సగమవుతాడన్నది. అది గ్రహణానికి కారణం, కళలకు కాదు. మీ 31 స్లైడ్లలో ఎనిమిది కళల పేర్లున్నాయి, 29.5 రోజుల లెక్క ఉంది, చంద్రుడి మీద మనిషి అడుగుపెట్టిన సంవత్సరం కూడా ఉంది, కానీ ఈ అపోహ జోలికి ఒక్క స్లైడూ పోలేదు. పిల్లవాడు పేర్లన్నీ అప్పజెప్పి, అదే అపోహతో బయటికి వెళ్ళే అవకాశం పూర్తిగా ఉంది.

నేనైతే ఈ పాఠాన్ని ఇలా చెబుతాను. మొదటి మూడు నిమిషాలు తెర నల్లగానే ఉంటుంది. చంద్రుడు సగమే ఎందుకు కనిపిస్తాడో ఒక బొమ్మ వేసి, కింద ఒక వాక్యం రాయమని పిల్లలను అడుగుతాను. గదిలో తిరుగుతూ చూస్తే సగానికి పైగా కాగితాల మీద భూమి నీడ కనిపించినా నేను ఆశ్చర్యపోను. తరువాత గది చీకటి చేసి, ఒక పక్కన దీపం పెట్టి, ఒక అమ్మాయి చేతికి తెల్లని బంతి ఇస్తాను. చెయ్యి చాచి, బంతిని తల కన్నా కొంచెం ఎత్తులో పట్టుకుని, తాను ఎడమవైపుగా మెల్లగా తిరగాలి. దీపం వైపు తిరిగి ఉన్నప్పుడు బంతి నల్లగా ఉంటుంది, అది అమావాస్య. పావు వంతు తిరిగేసరికి బంతి కుడి సగం వెలుగుతుంది. దీపానికి వీపు పెట్టేసరికి నిండు పున్నమి. ఇప్పుడు బంతిని తల ఎత్తుకు దించమంటే ఆ అమ్మాయి తల నీడ దాని మీద పడుతుంది, అదీ గ్రహణం. బంతిని మళ్ళీ కాస్త ఎత్తగానే నీడ తొలగిపోతుంది. చంద్రుడి కక్ష్య భూకక్ష్యకు సుమారు 5 డిగ్రీలు వాలి ఉండటం వల్ల ప్రతి పున్నమికీ గ్రహణం రాదన్న సంగతిని ఆ పిల్ల తన చేతితో తెలుసుకుంది. ఇది ఏ యానిమేషన్ చేయగలిగిన పనీ కాదు.

అయితే బంతికీ ఒక పరిమితి ఉంది. తిరుగుతున్న అమ్మాయికి కళలు కనిపిస్తాయే గాని, పైనుంచి చూస్తే ఆ అమరిక ఎలా ఉంటుందో కనిపించదు. స్లైడు అవసరమయ్యేది అక్కడే. తెర నిండా ఒకే బొమ్మ పెట్టండి: ఒక అంచున సూర్యకాంతి, నడుమ భూమి, చుట్టూ ఎనిమిది చోట్ల చంద్రుడు, అన్ని చోట్లా సూర్యుడి వైపు సగమే వెలుగుతూ. ఒక్కో నొక్కుకు ఒక్కో స్థానం తెరుచుకోవాలి. తెరుచుకునే ముందు ‘ఇక్కడ ఉన్నప్పుడు మనకు ఎలా కనిపిస్తాడు?’ అని మీరు అడగాలి. యానిమేషన్‌కు ఇంతకన్నా మంచి ఉపయోగం నాకు తెలియదు. అది అలంకారం కాదు, జవాబును కాసేపు దాచిపెట్టే తెర. చివర ఒక అర్ధచంద్రుడి ఛాయాచిత్రం చూపించి, మొదట రాసిన కాగితాన్నే మళ్ళీ తీసి దిద్దుకోమంటే మూల్యాంకనం కూడా అయిపోతుంది. మొత్తం నాలుగైదు స్లైడ్లు చాలు.

మీరు శీర్షిక పెట్టి, కింద చుక్కలతో వాక్యాలు పేర్చడానికి అలవాటు పడటంలో మీ తప్పు పెద్దగా లేదు. పవర్‌పాయింట్ 1987లో వచ్చింది. ఫోర్‌థాట్ అనే చిన్న సంస్థలో రాబర్ట్ గాస్కిన్స్ ఆలోచన మేరకు తయారైన ఈ సాఫ్ట్‌వేర్ మొదట మెకింతోష్ కంప్యూటర్లకు మాత్రమే ఉండేది. అదే సంవత్సరం మైక్రోసాఫ్ట్ ఆ సంస్థను 1.4 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. అది పుట్టింది వ్యాపార సమావేశాల్లో ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ మీద పెట్టే పారదర్శక పత్రాలను తయారుచేయడానికి. తరగతి గదిలోకి అది తరువాత వచ్చిన అతిథి. ఖాళీ స్లైడు తెరవగానే ఎదురయ్యే ఆ రెండు పెట్టెలు సమావేశాల అలవాటే గాని బోధనాశాస్త్రం నిర్ణయించినవి కావు. ఆ అలవాటు సమావేశాల్లో కూడా అన్నివేళలా క్షేమం కాదు. 2003లో కొలంబియా వ్యోమనౌక ప్రమాదాన్ని విచారించిన మండలి, సాంకేతిక పత్రాలు రాయవలసిన చోట స్లైడ్లతో సరిపెట్టడాన్ని తన నివేదికలో ప్రత్యేకంగా తప్పుబట్టింది.

మిగతా సాధనాల గురించి క్లుప్తంగా చెబుతాను. గణితానికి ఆకృతులను, గ్రాఫులను కదిపి చూపే జియోజీబ్రా సాఫ్ట్‌వేర్, భౌతిక, రసాయన శాస్త్రాలకు కొలరాడో విశ్వవిద్యాలయంలో 2002లో మొదలైన ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెరమీద చేసి చూసే ప్రయోగాలు, మీ పెట్టెలో తప్పక ఉండాలి. ఫెట్ ఉచితం, దాన్ని ప్రారంభించిన కార్ల్ వీమన్ నోబెల్ పొందిన భౌతికశాస్త్రవేత్త. కహూట్ వంటి క్విజ్ సాధనాలు పిల్లలను ఉత్సాహపరుస్తాయి, కానీ వేగానికి మార్కులు పెడితే ఆలోచించి జవాబిచ్చే పిల్ల ఎప్పుడూ వెనకబడుతుంది. పిల్లల చేత ఖాతాలు తెరిపించే ముందు వయోపరిమితి చూడండి, వారి పేర్లు, ఫొటోలు ఎక్కడా ఎక్కించకండి. ఇంటర్వ్యూలో ఈ మాట ఒక్కటి చెప్పినా మీరు బాధ్యత తెలిసినవారని అర్థమవుతుంది.

డెమో రోజు గురించి మాత్రం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను దెబ్బతిన్నది ఇక్కడే. బోధనలోకి వచ్చిన కొత్తలో ఒక ఎంపిక పరీక్షకు ఎంతో శ్రమపడి స్లైడ్లు చేసుకుని వెళ్ళాను. అక్కడి కంప్యూటర్‌లో నేను వాడిన తెలుగు ఫాంటు లేదు. తెరమీద అక్షరాలకు బదులు అర్థంలేని గుర్తుల వరుస కనిపించింది. నేను ఐదు నిమిషాలు మౌస్‌తో కుస్తీ పట్టాను. ఆ ఐదు నిమిషాల్లో సుద్దముక్క తీసుకుని నల్లబల్ల మీద బొమ్మ గీసి ఉంటే ఉద్యోగం వచ్చేదేమో. సుద్దముక్క నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. కాబట్టి తెలుగు అక్షరాలను యూనికోడ్ (కంప్యూటర్లన్నీ గుర్తించే ఉమ్మడి అక్షర ప్రమాణం) ఫాంటులోనే టైపు చేయండి, ఫైలులో ఫాంటును పొదిగి భద్రపరచండి, దానితోపాటు ఒక పీడీఎఫ్ ప్రతిని పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి. పీడీఎఫ్‌లో యానిమేషన్ పనిచేయదు కనుక, తెరుచుకోవలసిన ప్రతి దశనూ అందులో ఒక్కో పేజీగా పెట్టుకోవాలి. ఆ ఊదా రంగు మార్చండి. తెరమీది మామూలు పరిమాణపు అక్షరాలకూ నేపథ్యానికీ మధ్య కనీసం 4.5:1 కాంతి వ్యత్యాసం ఉండాలని వెబ్ సౌలభ్య మార్గదర్శకాలు చెబుతాయి, వెలుతురు పడే గదిలో ప్రొజెక్టర్‌కు అంతకన్నా ఎక్కువే కావాలి. ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియని పిల్లలు తరగతిలో ఉండవచ్చు కనుక రంగు ఒక్కదానితోనే అర్థం చెప్పకండి. స్లైడు ప్రదర్శన నడుస్తుండగా కీబోర్డు మీద ‘బి’ నొక్కితే తెర నల్లబడుతుంది, మళ్ళీ నొక్కితే తిరిగి వస్తుంది. ఆ ఒక్క మీట వాడటం తెలిసిన అభ్యర్థిని చూస్తే, పిల్లల చూపును తెరమీది నుంచి తనవైపు ఎప్పుడు తిప్పుకోవాలో ఈమెకు తెలుసని పరిశీలకులకు అర్థమవుతుంది. కరెంటు పోయినా పది నిమిషాలు పాఠం నడపగలనని ఇంట్లో ఒకసారి పరీక్షించి చూసుకోండి. మీ సంచిలో బంతి, టార్చి ఎలాగూ ఉంటాయి.

ఇక వేరే ఉద్యోగాల విషయం. ఉన్నాయి, కానీ వాటి తలుపు తెరిచేది అందమైన స్లైడు కాదు. ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్ అనే రంగంలో విద్యాసంస్థలకు, కంపెనీల శిక్షణ విభాగాలకు పాఠాలు రూపొందిస్తారు. అవసరాన్ని విశ్లేషించడం, రూపకల్పన, తయారీ, అమలు, మూల్యాంకనం అన్న ఐదు దశల పద్ధతి అక్కడ నిత్యం వినిపిస్తుంది, తెర మీద కనిపించే పని అందులో మూడో దశ మాత్రమే. మూడిల్ వంటి అభ్యసన నిర్వహణ వ్యవస్థలను చూసుకునేవారు, పాఠశాలలో తోటి ఉపాధ్యాయులకు డిజిటల్ బోధనలో తోడ్పడే సమన్వయకర్తలు, దృష్టి లేదా వినికిడి లోపం ఉన్నవారికి పాఠ్యసామగ్రిని అనువుగా మార్చేవారు కూడా కావాలి. చివరిదానికి పోటీ తక్కువ, శ్రద్ధ ఎక్కువ కావాలి, మీ ఉత్తరంలోని ఓపిక చూస్తే అది మీకు సరిపోతుందనిపించింది. కానీ రెండు మూడేళ్ళు తరగతి గదిలో నిలబడిన తరువాతే అటు వెళ్ళండి. పిల్లలు ఎక్కడ తడబడతారో చూసినవారికీ ఊహించేవారికీ పాఠం రాయడంలో తేడా వెంటనే కనిపిస్తుంది.

ఉపాధ్యాయుల డిజిటల్ సామర్థ్యాలపై యునెస్కో 2018లో సవరించి ప్రకటించిన చట్రం ఆ సామర్థ్యాలను మూడు స్థాయులుగా విభజిస్తుంది: జ్ఞానాన్ని ఆర్జించడం, లోతు చేసుకోవడం, సృష్టించడం. మీ 31 స్లైడ్లు మొదటి మెట్టు మీద ఉన్నాయి. మీరు కట్టబోయే కోర్సు పాఠ్యాంశాల పట్టిక కూడా, మీరు పంపిన మేరకు చూస్తే, ఆ మెట్టు దాటడం లేదు. అందులోని మాస్టర్ స్లైడు, చార్టులు, ట్రాన్సిషన్లు వంటివి సాఫ్ట్‌వేర్ సహాయ పేజీల్లో ఉచితంగా వారం రోజుల్లో నేర్చుకోవచ్చు. కనుక ఆ డబ్బు ఇప్పుడు కట్టవద్దు. దాని బదులు మీ పనులు చూపే ఒక సంచయం (పోర్ట్‌ఫోలియో) కూడబెట్టండి: చంద్రకళల పాఠం పాత రూపం, కొత్త రూపం, పిల్లలు పాఠానికి ముందూ తరువాతా గీసిన బొమ్మలు పేర్లు తీసేసి, ఏది ఎందుకు మార్చారో ఒక పేజీ వివరణ. ఇలాంటివి మూడు ఉంటే ఏ ఇంటర్వ్యూలోనైనా సర్టిఫికెట్ కన్నా ముందు వాటినే తెరిచి చూస్తారు. డెమోకు వారం ముందు, ఎవరైనా నలుగురు పిల్లలను కూర్చోబెట్టి బంతితో పాఠం చెప్పి చూడండి. వారిలో ఎవరైనా ఇంకా భూమి నీడే అంటే, ఆ కాగితాన్ని పారేయకుండా ఏ ప్రశ్న దగ్గర తడబడ్డారో దాని వెనుక రాసి, కొత్త స్లైడ్లతోపాటు నాకు పంపండి.