ఎస్సెస్ వెల్డింగ్‌కి ఏ పద్ధతి పట్టాలి: మేనల్లుడికి ఉత్తరం

చి. రఘుకి,

మామయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. మిగ్ మెషీను (తీగ దానంతటదే వచ్చి కరిగేది) కొననా, టిగ్ (కరగని టంగ్‌స్టన్ మొనతో, ఆర్గాన్ గ్యాసు కింద అతికేది) కొననా, మామూలు పూత రాడ్డుతోనే లాగించెయ్యనా అని అడిగావు. ముందు నువ్వు అతకబోయే ఎస్సెస్ (స్టెయిన్‌లెస్ స్టీలు) మందం ఎంతో కొలువు. మెషీను సంగతి దాని వెనకాలే తేలిపోతుంది. మెట్ల రెయిలింగ్ అన్నావు కాబట్టి పైపు గోడ 1.2 నుంచి 2 మి.మీ. మధ్య ఉంటుందనుకుని రాస్తున్నాను.

ఇనుము మీద నీ చెయ్యి బాగానే తిరిగింది, నాకు తెలుసు. ఎస్సెస్ దగ్గర ఆ అలవాట్లే అడ్డొస్తాయి. 304 రకం ఎస్సెస్ మామూలు స్టీలుతో పోలిస్తే సుమారు మూడో వంతే వేడిని పక్కకి లాగుతుంది. వేడెక్కితే మాత్రం దాదాపు ఒకటిన్నర రెట్లు సాగుతుంది. నువ్వు పెట్టిన వేడి అతుకు దగ్గరే తిష్ట వేస్తుంది, అక్కడే లోహం ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు లాక్కుని పైపుని వంకర తిప్పేస్తుంది. అందుకని ఏ పద్ధతి పట్టినా కరెంటు తగ్గించు, ట్యాకులు (ముక్కలు కదలకుండా ముందు వేసే చుక్క అతుకులు) ఇనుముకి వేసేదానికంటే బాగా దగ్గర దగ్గరగా వెయ్యి, చెయ్యి ఆపకుండా ముందుకు నడిపించు.

వేడి తగ్గించమనడానికి ఇంకో కారణం ఉంది. 450 నుంచి 850 డిగ్రీల మధ్య ఎక్కువసేపు నానితే లోహంలోని కార్బన్ క్రోమియాన్ని పట్టేసుకుంటుంది. తుప్పుని ఆపేది ఆ క్రోమియమే కదా. కొన్నాళ్లకి అతుకు మీద కాకుండా అతుకు పక్కన సన్నగా గీతలా తుప్పు లేస్తుంది. జనం రాడ్డుని తిడతారు, తప్పు వేడిది. 304ఎల్ రకంలో కార్బన్ 0.03 శాతం మించదు కాబట్టి ఈ గొడవ చాలావరకు ఉండదు. కొనేటప్పుడు గ్రేడు అడుగు. అయస్కాంతం పెట్టి చూసి తేల్చెయ్యకు. మాంగనీసు ఎక్కువ, నికెల్ తక్కువ ఉండే 200 రకాలకి కూడా అయస్కాంతం అంటుకోదు.

ఇక నా సలహా. 160 నుంచి 200 ఆంపుల డీసీ ఇన్వర్టర్ వెల్డింగ్ మెషీను ఒకటి కొను. అందులో లిఫ్ట్ టిగ్ (మొనని లోహానికి తాకించి ఎత్తితే అంటుకునే టిగ్) సదుపాయం ఉండేలా చూసుకో. ముందు రాడ్డుతో మొదలుపెట్టు, తర్వాత టార్చీ (టిగ్‌కి చేత్తో పట్టుకునే పిడి), ఆర్గాన్ సిలిండరూ చేర్చుకో. ఒక్క మెషీనుతో రెండు పద్ధతులూ చేతికొస్తాయి.

రాడ్డు 2 మి.మీ., ఆపైన మందానికి బాగుంటుంది. 304కి 308ఎల్-16 రాడ్డు, 316కి 316ఎల్. ఎస్సెస్‌ని మామూలు ఇనుముకి అతకాలంటే 309ఎల్ తీసుకో, అక్కడ 308తో సరిపెట్టకు. 2.5 మి.మీ. రాడ్డుకి 60, 70 ఆంపుల దగ్గర మొదలుపెట్టి తుక్కు ముక్క మీద సరిచూసుకో. ఆర్క్ (రాడ్డు మొనకీ లోహానికీ మధ్య వెలిగే మెరుపు) చిన్నదిగా పట్టు, అటూ ఇటూ ఊపకు, తిన్నగా లాగు. రాడ్డు పొడవునా ఎర్రబడిందంటే కరెంటు ఎక్కువైనట్టే. ప్యాకెట్టు తెరిచాక తేమ తగలనివ్వకు.

ఈ రాడ్డు స్లాగ్ (అతుకు మీద గట్టిపడే పెంకు) ఒక చిత్రమైనది. నువ్వు సుత్తి తీసేలోపే చల్లారుతూ టప్‌మని దానంతటదే ఎగురుతుంది, అది కూడా వేడిగా. అతుకు ఎలా వచ్చిందోనని హెల్మెట్ ఎత్తి వంగి చూస్తావు చూడు, సరిగ్గా అప్పుడే. హెల్మెట్ లోపల మామూలు కళ్లద్దాలు ఎప్పుడూ ఉండాలి.

1.5 మి.మీ. పైపుకి రాడ్డుతో కుస్తీ పట్టకు, బొక్కలు పడతాయి. అక్కడ టిగ్ తప్ప నాకు ఇంకోటి నచ్చదు. టార్చీ నెగటివ్‌కి, ఎర్త్ క్లాంపు పాజిటివ్‌కి. నువ్వు రాడ్డుకి పెట్టుకునేదానికి తిరగేసి అన్నమాట. గ్యాసు నూటికి నూరు పాళ్లూ ఆర్గాన్, నిమిషానికి 7 నుంచి 10 లీటర్లు. కరెంటు మి.మీ. మందానికి సుమారు 30 ఆంపుల లెక్కన మొదలుపెట్టు. టార్చీలో పెట్టే టంగ్‌స్టన్ కడ్డీ 1.6 మి.మీ. చాలు, లాంథనం కలిపినది అడుగు. థోరియం కలిపినది వద్దు, సాన పట్టినప్పుడు లేచే దుమ్ములో రేడియోధార్మికత ఉంటుంది. మొన పట్టేటప్పుడు గీతలు నిలువుగా రావాలి, చుట్టూ కాదు.

చివర్లో ఆర్క్ తెంపగానే టార్చీ పక్కకి తీసెయ్యకు. వెంటనే అతుకు చివర పడిన గుంట మీదకి తెచ్చి, ఎర్రదనం పోయేదాకా గ్యాసు పోనివ్వు. అతుకు రంగే నీకు మార్కులేస్తుంది. లేత గడ్డి రంగో బంగారు రంగో వస్తే బాగా చేశావు. నీలం దిగితే వేడి కాస్త ఎక్కువైంది. బూడిదరంగు, నలుపు అయితే వేడైనా మితిమీరింది, గ్యాసైనా చాలలేదు.

పైపు లోపలి వైపు కూడా గాలి తగిలితే అతుకు నల్లగా పొక్కి గరుకుగా పెచ్చు కడుతుంది. రెయిలింగ్‌కి అది ఎవరికీ కనబడదు, పట్టించుకోకపోయినా ఫరవాలేదు. నీళ్లు నడిచే పైపైతే మాత్రం రెండు చివర్లూ టేపుతో మూసి, ఒక చివర నుంచి ఆర్గాన్ నింపి, రెండో చివర సూదిబెజ్జమంత దారి వదిలి అప్పుడు అతుకు.

మిగ్ వద్దని ఎందుకంటున్నానంటే, ఎస్సెస్‌కి తీగ వేరే, గ్యాసూ వేరే. ఇనుముకి వాడే కార్బన్ డయాక్సైడ్ ఇక్కడ పనికిరాదు. సాధారణంగా 98 పాళ్లు ఆర్గాన్, 2 పాళ్లు కార్బన్ డయాక్సైడ్ కలిపిన సిలిండర్ పెట్టాలి. ఒక్క రెయిలింగ్ కోసం ఇంత సరంజామా దండగ. రోజూ గజాల కొద్దీ అతుకులు పడే పని ఉంటే అప్పుడు కొనుక్కో. ఎసిటిలీన్ గ్యాసు వెల్డింగ్ జోలికి అసలు పోకు, వేడి ఎక్కువ, మంటలోంచి కార్బన్ కూడా ఎక్కుతుంది.

పొగ విషయంలో మాత్రం నీ ధైర్యం నాకు చూపించకు. ఎస్సెస్ పొగలో ఆరు వేలెన్సీ క్రోమియం ఉంటుంది, అది క్యాన్సర్ కారకం. రాడ్డుతో ఎక్కువ, టిగ్‌తో తక్కువ వస్తుంది, అంతేగానీ రాకుండా ఉండదు. మొహానికి గుడ్డ కట్టుకుంటే ఆగదు. పీ100 ఫిల్టర్ (సన్నటి పొగ రేణువుల్ని కూడా ఆపేది) ఉన్న మాస్కు హెల్మెట్ కింద పట్టేది కొను. తలుపులు తెరిచి పనిచెయ్యి. ఆర్గాన్ గాలికంటే బరువు, మూసిన గదిలోనో గోతిలోనో పేరుకుంటే ఊపిరాడదు, వాసన కూడా రాదు. జిడ్డు తుడవడానికి బ్రేక్ క్లీనర్ వాడకు. క్లోరిన్ ఉన్న రకమైతే ఆర్క్ తగిలి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. అసిటోన్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక, డబ్బా దూరంగా పెట్టి మొదలుపెట్టు.

బ్రష్షు, గ్రైండింగ్ డిస్కు ఎస్సెస్‌కి విడిగా ఉంచు. ఇనుము మీద తిరిగిన డిస్కుని దీని మీద పెడితే ఇనుప రజను అంటుకుని, నాలుగు చినుకులు పడగానే మచ్చలు లేస్తాయి. అతుకు రంగుని స్టెయిన్‌లెస్ బ్రష్షుతోనో ఫ్లాప్ డిస్కుతోనో పూర్తిగా తీసేసి, సిట్రిక్ యాసిడ్ నీళ్లు పట్టించి కడుగు. దుకాణాల్లో పిక్లింగ్ పేస్టు (అతుకు రంగు తీసే యాసిడ్ ముద్ద) అంటగడతారు. అందులో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఉంటుంది, ఇంట్లో వద్దు.

పైపు మందం, గ్రేడు, నీళ్ల పైపు పని కూడా ఉందా అన్నది రాసి పంపు. తీగ సైజు, ఆంపులు అప్పుడు కచ్చితంగా చెబుతాను. అక్కయ్యని అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ మామయ్య